ఢిల్లీ శాసనము – అబిడ్సు వీధి – మన పల్లె
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్నొక ప్రసంగము చేయుమని కార్యదర్శిగారు కోరినపుడు, భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము చెప్పుదునని వారు తలచి యుందురు. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. పురాతన గ్రంథములు నాకు నేనే కూడబలుక్కొని చదువుకొనుట నా వ్యసనము. ఈ రెండింటి నడుమ బ్రదుకుచున్న నాకు ఒక సంగతి తరచుగా కనబడుచుండును. మనవారు ఉదయము ఇల్లు దాటి, పట్నము పోయి, రాత్రికి తిరిగి వచ్చులోపల పది చట్టముల నీడన నడచి వత్తురు. ఆ పదింటిలో ఒక్కదాని పేరైన ఎరుగరు. ఎరుగనందువలన కలుగు నష్టము చివరకు నా చిట్టాలో అంకెయై తేలును. కాబట్టి నేడు పురాణము విడిచి చట్టము చెప్పదలచితిని.

"ఢిల్లీవాండ్లతో మనకేమి పని?" అని రచ్చకట్టమీద వినుచుందుము. పని యున్నదో లేదో చూతము. మన గ్రంథాలయమునకు పుస్తకములు తెచ్చుటకై కార్యవర్గమువారు ఏటేట పోవు చోటు అబిడ్సు. నాంపల్లి స్టేషనులో దిగి అబిడ్సు చౌరస్తాలోని పెద్ద తపాలా కార్యాలయము వరకు పావుగంట నడక. ఆ నడకనే నా ప్రసంగమునకు దారిగా గైకొందును.

అబిడ్సు అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానుగారి కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నతని అంగడినిబట్టి వచ్చినది. అంగడి పోయినది, పేరు నిలిచినది. చట్టముల విషయములో తరచుగా దీనికి విరుద్ధము జరుగును. పేరు మారును, పని నిలుచును.

మన తాతల కాలమున ఈ దారిలో ఢిల్లీ మాట చెల్లెడిది కాదు. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనుకు వచ్చు రైలు నిజాము రైలు. టపా నిజాము టపా. 1869 నుండి హైదరాబాదు సంస్థానమునకు తన స్టాంపులు తనకే యుండెను. వానిలో కొన్నిటిమీద వెల తెలుగులోను అచ్చయి యుండెడిది. కచేరీలలో మన భాషకు పీట లేని రోజులలో, గోరంత కాగితపు ముక్కమీద మన అక్షరమునకు చోటు దొరకినది! అట్టి స్టాంపు చూచినపుడెల్ల నాకు మనసు నిండును. రూపాయి సయితము వేరే. మనది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియాది కల్దారు. నూరు కల్దారు రూపాయలు కావలెనన్న 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ ఇయ్యవలెను. అనగా ఏడింటికి ఆరు. పాత చిట్టాలు తిరుగవేసినచో ఈ రెండు నాణెములకు రెండు వరుసలు కనబడును. బెజవాడనుండి అల్లుడు పంపిన సొమ్ము ఒక వరుస, వరంగల్లులో అమ్మిన వడ్ల సొమ్ము వేరొక వరుస.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949 నవంబరు 23న నిజాము తన ఫర్మానాలో భారత రాజ్యాంగము హైదరాబాదునకు వర్తించునని ప్రకటించెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. ఆ యేడే రైలును, టపాను కేంద్రము స్వీకరించినది. కొన్నేండ్లకు హాలీ సిక్కా చెలామణి నుండి తొలగినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ముఖ్యస్థానముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. అబిడ్సులో బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా మారలేదు, ఇవతల నిలుచున్న మనవాడు మారలేదు. నడుమ నున్న చట్టము మారినది.

అంతలో 1957 ఏప్రిల్ 1 వచ్చినది. పదునారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయి యైనది. అణాకు ఆరుంబావు పైసలు వచ్చును. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేసిరి. లెక్క ఎరిగినవారు దీనిని గమనింపుడు. మూడణాల సరకు ఒక్కమారు కొన్నవాడు 19 పైసలిచ్చును. అణా చొప్పున మూడుమార్లు కొన్నవాడు 18 పైసలే ఇచ్చును. ఢిల్లీలో గీసిన ఒక పట్టిక పల్లెటూరి కిరాణా కొట్టులో పైసా తేడాగా దిగుటకు ఇంతకు మించిన నిదర్శనము నేనెరుగను. ఆ రోజులలో ఆ పైసా కొరకై జరిగిన తగవులు పెద్దలకింకను జ్ఞాపకముండును.

ఇక చట్టము ఎవరిది అను ప్రశ్న. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలు కలవు: కేంద్రమునకొకటి, రాష్ట్రములకొకటి, ఉభయులకు ఉమ్మడిగా నొకటి. ఇంటి పెద్దలు పంపకములో దొడ్డి నీది, బావి నాది, కల్లము ఇద్దరిది అని వ్రాసికొన్నట్లు! రైళ్లు, తపాలా, నాణెములు కేంద్రమువి. భూమి రాష్ట్రముది. గ్రంథాలయములును రాష్ట్రమువే, అందుకే హైదరాబాదు రాష్ట్రములో 1955లో ఒక గ్రంథాలయ చట్టమును, ఆంధ్రప్రదేశమున 1960లో వేరొకటియు వచ్చినవి, ఇంటిపన్నుతోబాటు మనము కట్టు గ్రంథాలయ సెస్సు అట్లు పుట్టినదే. దస్తావేజుల రిజిస్ట్రేషను, వారసత్వము ఉమ్మడి జాబితాలో నున్నవి. పట్టాదారు పుస్తకములో గుంట తక్కువ పడినదని ఢిల్లీకి అర్జీ వ్రాసినవారిని నేనెరుగుదును. ఆ అర్జీ తిరిగి తిరిగి మన మండల కార్యాలయమునకే వచ్చినది. దానికి పట్టిన కాలములో మూడు పంటలు తీయవచ్చును.

నడక సాగింతము. చేతిలోని రైలు టికెట్టు 1989 నాటి రైల్వే చట్టపు బిడ్డ. టికెట్టు లేక పట్టుబడినవాడు ప్రయాణపు చార్జీయే కాక, దానికి సమానమైన మొత్తమో 250 రూపాయలో, ఏది ఎక్కువైన అది అదనముగా ఈయవలెను. ఇరువది రూపాయల టికెట్టు మిగుల్చుకొనబోయినవానికి ఎంత పడునో మీరే కూడుకొనుడు.

స్టేషను వెలుపల టీ త్రాగి పదిరూపాయల నాణెము ఇచ్చినచో చెల్లదనువారు నేటికిని కలరు. మన ఊరి సంతలోను ఇదే తంతు. ఇది శుద్ధ అపోహ. ఆ నాణెము 14 నమూనాలలో వెలువడినదనియు, అన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించినది. పదికిరణముల గుర్తున్నది మంచిది, పదునైదు గీతలున్నది నకిలీ యను మాట ఎవరు పుట్టించిరో గాని, నమ్మినవారు వేలకు వేలు. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి మొదలు పై నాణెములు ఒక చెల్లింపులో వేయి రూపాయల వరకు చట్టబద్ధముగా చెల్లును. అర్ధరూపాయి పది రూపాయల వరకు చెల్లును. పావలాయు దాని క్రింది నాణెములును 2011 జూన్ 30తో చెల్లకుండబోయినవి. పావలా పోయినది చట్టమువలన. అర్ధరూపాయి పోయినది మన అలవాటువలన. ఈ తేడా తెలిసికొనుట మంచిది.

ఆ వీధులలో నగల దుకాణములు కలవు. పెండ్లి గల ఇంటివారు అచ్చటికి పోక మానరు. 2021 జూన్ 16 నుండి విడతలుగా బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి యైనది. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగమీద ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్యయు ఉండవలెను. మూడు గుర్తులు చూడుడు: భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర, 22 క్యారెట్లయినచో 916 అను అంకె, ఆ ఆరక్షరముల సంఖ్య. ఆ సంఖ్యను సంస్థవారి ఫోను యాప్‌లో కొట్టి చూచినచో నగ వివరము వచ్చును. మన పిల్లలకు ఫోను ఎట్లును చేతిలోనే యుండును. పెండ్లి బేరమునాడు వారిని వెంట తీసికొని పొండు.

తూనికల మాట వచ్చినది గనుక నా వ్యసనమునకు కొంచెము చోటిండు. కౌటిల్యుని అర్థశాస్త్రములో పౌతవాధ్యక్షుడను అధికారి కలడు. తూకపు రాళ్లు ఇనుముతోనో, మగధ మేకల దేశముల రాతితోనో చేయవలెననియు, నాలుగు మాసములకొకమారు పరీక్ష చేయించి ముద్ర వేయించుకొనవలెననియు, ముద్రలేని రాయి వాడినవానికి ఇరువదియేడుంబావు పణముల దండన యనియు అందు విధింపబడినది. నేటి చట్టము 2009 నాటిది, 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. ఇందు ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకమారు తనిఖీయు ముద్రయు ఉండవలెను. తనిఖీ పత్రము కొనువానికి కనబడునట్లు పెట్టవలెను. కొలతల ప్రమాణమును నిర్ణయించునది కేంద్రము. కాటాను తనిఖీ చేయునది రాష్ట్రపు తూనికలు కొలతల శాఖ. పత్తి అమ్మబోవు సోదరులారా, కాటా దగ్గర ఆ పత్రము చూపుమని అడుగుడు. క్వింటాలుకు ఒక్క కిలో తేడా వచ్చినను ఇరువది క్వింటాళ్లకు ఇరువది కిలోలు. అది కలుపు తీసిన కూలివారి కూలి.

ఇక పెద్ద తపాలా కార్యాలయము చేరితిమి. నిలిచి చెప్పవలసిన చోటు ఇదియే.

తపాలాకు 1898లో చేసిన చట్టము నూటయిరువదియైదేండ్లకు పైగా నడచినది. దాని స్థానమున 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 జూన్ 18న అమలులోనికి వచ్చినది. జాబులు మోయు హక్కు సర్కారునకు మాత్రమే అను పాత నియమము క్రొత్తదానిలో లేదు. 2013 జూలైలో తంతి ఆగినది. మరణవార్త తెచ్చునదని మనవారు తంతివాని చూచి భయపడు కాలము దానితో ముగిసినది. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డు పోస్టు స్పీడుపోస్టులో కలిసిపోయినది. 

కాని పల్లెటూరివానికి తపాలా కార్యాలయమనగా జాబుకన్న ముందు పొదుపు ఖాతా. మన చుట్టుపట్ల ఊరిలో ఒక రైతు భూమి అమ్మిన సొమ్ములో కొంత తపాలాలో దాచి, చెప్పాపెట్టకుండ గుండెపోటుతో పోయెను. పుస్తకములో నామినీ గడి ఖాళీ. ఆయన భార్య చదువుకొన్నది కాదు. నామినీ పేరున్నచో మరణ ధ్రువపత్రము, తన గుర్తింపు చూపి కొలది దినములలో సొమ్ము తీసికొని యుండెడిది. లేనందున వారసులందరి సమ్మతి కావలసి వచ్చినది. వేరు పడిన పెద్దకొడుకు సంతకము చేయననెను. ఆ తల్లి ఆ యేడు ఎరువులకు వడ్డీకి తెచ్చెను. నామినీ లేని ఖాతాలో ఐదు లక్షల లోపు సొమ్మున్నచో, మరణించిన ఆరు మాసముల తరువాత కోర్టు ధ్రువపత్రము లేకయే అఫిడవిట్టు, పూచీ పత్రములమీద చెల్లించు అధికారము తపాలా అధికారులకు నియమములలో నున్నది. ఈ సంగతి చెప్పువాడు లేక ఆమె ముందే వకీలుకు డబ్బు పోసెను. నామినీ పేరు వ్రాయించుటకు ఒక పైసా ఖర్చు లేదు. ఇంటికి పోయి మీ మీ పుస్తకములు తీసి ఆ గడి చూడుడు. అత్తగారి పుస్తకమును కూడ చూడుడు. పెద్దవారిని ఆ మాట అడుగుటకు సంకోచింతురు గాని అడుగవలెను.

ఇప్పుడు మన గ్రంథాలయమునకు తగిలిన సంగతి. ఆదివారమునాడు అబిడ్సులో అంగళ్లు మూసి యుండగా వాని ముందటి కాలిబాటమీద పాత పుస్తకములు పరతురు. మన అలమారాలలో ఎన్నో గ్రంథములు ఆ కాలిబాటనుండి వచ్చినవే. అట్లు దొరకనివానిని ప్రచురణకర్తలనుండి తపాలాలో తెప్పించుకొనుచుంటిమి. దానికి దన్నుగా నుండినది బుక్‌పోస్టు. పుస్తకము ఇతర సరకు వంటిది కాదు, దాని మోతకు చౌకధర ఉండవలెనను ఆలోచన దాని వెనుక నుండెను. 2024 డిసెంబరులో రిజిస్టర్డు బుక్‌పోస్టును ఎత్తివేసిరి. పుస్తకపు వెలకన్న తపాలా ఖర్చు మించునేమోయని చిన్న ప్రచురణకర్తలు, పాఠకులు గోల పెట్టిరి. 

2025 మే 1న జ్ఞాన్‌పోస్టు అను క్రొత్త ఏర్పాటు వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను వేరు. పాఠ్యగ్రంథములు, సాంఘిక, సాంస్కృతిక, ధార్మిక గ్రంథములు దీనిలో పంపవచ్చును; వ్యాపార ప్రకటనలకు చోటు లేదు. పుస్తకముమీద ముద్రాపకుని పేరో ప్రకాశకుని పేరో ఉండవలెను. ముఖపత్రము చినిగిన పాత పుస్తకమును గుమాస్తా త్రిప్పి పంపినచో అతనిమీద కోపింపకుడు.

నేను లెక్క వేసి చూచితిని. పావుకిలోకు కొంచెము తక్కువ తూగు పుస్తకము ఒకటి తెప్పించినచో 20 రూపాయలు. అట్టివి ఇరువది, కట్టుబడి కాగితముతో కలిపి 5 కిలోలు మించకుండ ఒక్క కట్టగా తెప్పించినచో నూరు రూపాయలు. పుస్తకమునకు ఐదు రూపాయలే. నాలుగింతల తేడా! కాబట్టి చందాదారులు తమకు కావలసిన పుస్తకముల పేర్లు నెలనెల విడివిడిగా కాక, మూడు మాసములకొకమారు కార్యదర్శిగారి పుస్తకములో వ్రాయవలెనని నా సూచన. అచ్చు పుస్తకమునకు జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి పిల్లల నోటుపుస్తకములకు, పెన్సిళ్లకు కూడ లేదు. ఇంకను పన్ను వేసి అమ్మువాడున్నచో రశీదు అడుగుడు.

ఇందు నా మనసుకు నొప్పి కలిగించిన సంగతి ధర హెచ్చుట ఒక్కటియే కాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునపడిన ఓడలలోని సరకునెల్ల పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను నియతమైన సుంకము మాత్రమే గైకొందునని రాతిమీద చెక్కించెను. ఆ రాయిని ఓరుగల్లు కోటలో దాచలేదు. పరదేశపు వర్తకుడు కాలు మోపు రేవులోనే నిలిపెను. నేటి నియమములు గెజెట్టులో అచ్చగును. దేశమందలి ప్రతి పౌరునికి అది తెలిసినట్లే లెక్క. మన ఊరిలో గెజెట్టు చదువువారెందరు? బుక్‌పోస్టు పోయిన వార్త మనకు గుమాస్తా నోటివెంట తెలిసినది. ధర పెంచిన పెంచుదురు గాక. పదిదినములు ముందుగా తెలుగులో ఒక పలక కట్టినచో ఏమి పోవును? నూటయేబదియేండ్ల క్రిందటి స్టాంపుమీదనే తెలుగునకు చోటు దొరకినదని ఇందాక చెప్పితిని.

కడపట ఒక్క చట్టము. ఏ పని ఏ కార్యాలయముది అను తికమకకు ఇది కొంత మందు. 2005 అక్టోబరు 12 నుండి సమాచారహక్కు చట్టము పూర్తిగా అమలులో నున్నది. కేంద్ర కార్యాలయమునకు దరఖాస్తు రుసుము పది రూపాయలు. తపాలా కార్యాలయములో పదిరూపాయల పోస్టల్ ఆర్డరు కొని జతపరుపవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువ నున్నవారికి ఆ రుసుమును లేదు. ముప్పది దినములలో జవాబు ఈయవలెను. అన్నిటికన్న ముఖ్యము ఆరవ సెక్షను మూడవ ఉపవిభాగము: దరఖాస్తు వేరొక కార్యాలయమునకు చెందినదైనచో, "ఇది మాది కాదు" అని త్రిప్పి పంపక, ఐదు దినములలో వారే దానిని తగిన చోటికి పంపవలెను. కార్యాలయము వెదకు బరువు పల్లెటూరివాని తలమీదనుండి దింపి అధికారి తలమీద పెట్టిన నియమమిది. ఇంత మంచి వాక్యము చట్టములలో నేను తక్కువగా చదివితిని.

సభాపర్వములో నారదుడు ధర్మరాజును చూడవచ్చి కుశలప్రశ్నలు వేయును. నీ గణకులు, లేఖకులు ప్రతిదినము ఉదయమున ఆదాయవ్యయములు విన్నవించుచున్నారా అని వానిలో నొకటి. లెక్కలవాడను గనుక ఆ ఘట్టము వచ్చినపుడు నేను సర్దుకొని కూర్చుందును. ఆనాడు రాజును అట్లడుగుటకు దేవర్షి దిగిరావలసి వచ్చినది. నేడు పోస్టల్ ఆర్డరు కొన్న మన బీడీ కార్మికురాలు అడుగవచ్చును. రాజుగారి గుమాస్తా ముప్పది దినములలో జవాబు వ్రాయవలెను.

ఆ దరఖాస్తు నమూనాను తెలుగులో వ్రాసి, నామినీ మార్పు ఫారమును, జ్ఞాన్‌పోస్టు ధరల పట్టికను దానితో కుట్టి, మూడు ప్రతులు గ్రంథాలయపు బల్లమీద నుంచితిని. ఇంటికి తీసికొనిపోరాదు, అచ్చటనే కూర్చుండి చూచి వ్రాసికొనవచ్చును. వ్రాయలేనివారికి ఆదివారము సాయంకాలము దీపాలవేళ వరకు నేను వ్రాసిపెట్టుదును. సెలవు.